రుస్తాఖ్‌లో ఒక డిస్కు, ఊళ్లో ఒక డిస్కు

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుఫాను శ్రీకాకుళం జిల్లా కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. మర్నాడు హైదరాబాదును వానలో తడిపి, బలహీనపడుతూ తెలంగాణ, మహారాష్ట్ర మీదుగా గుజరాత్ వైపు సాగింది. అంతటితో పోలేదు. అరేబియా సముద్రంలోకి దిగి మళ్లీ బలం పుంజుకుంది. ఈసారి దాని పేరు షాహీన్. అక్టోబరు 3న ఒమన్‌లోని బాతినా తీరాన, ముసన్నా, సువైఖ్ ఊళ్ల మధ్య నేలను తాకింది. ఖాబూరాలో ఒక్క రోజులో 300 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. ఏడాదంతా కలిపినా 100 మిల్లీమీటర్లు పడడం గగనమైన నేల అది.

రుస్తాఖ్ ఆ తీరానికి లోపలగా, హజర్ కొండల పాదం దగ్గర ఉంది. దక్షిణ బాతినా గవర్నరేట్‌కు కేంద్రం. 17వ శతాబ్దంలో యఅరుబా వంశపు ఇమాముల రాజధానిగా ఉన్న పాత ఊరు, పెద్ద కోట, ఖర్జూర తోటలు. కొండల మీద వాన పడితే ఎండిపోయి ఉండే వాదీలు గంటల్లో ఏరులవుతాయి. శ్రీకాకుళంలో ఇల్లు, రుస్తాఖ్‌లో ఉద్యోగం ఉన్న మనిషికి ఒకే తుఫాను వారం తేడాలో రెండు ఇళ్ల పక్కగానూ పోయిందన్నమాట. మధ్య దూరం రెండున్నర వేల కిలోమీటర్ల పైమాటే.

ఇంటిల్లిపాదీ వాడుకునే డిస్కును ఎలా ఏర్పాటు చేసుకోవాలో చెప్పే వ్యాసాన్ని తుఫానుతో ఎత్తుకోవడానికి కారణం ఉంది. గల్ఫ్‌లో ఉండే తెలుగు కుటుంబానికి చాలామందికి లేని వసతి ఒకటి ఉంది: రెండు దేశాల్లో రెండు ఇళ్లు. ఆ వసతిని వాడుకోకుండా రుస్తాఖ్‌లో ఎంత ఖరీదైన పెట్టె కొన్నా పని సగమే అయినట్టు. అది ఎందుకో తెలియాలంటే ముందు ఆ పెట్టె ఏమిటో, ఏం చేయగలదో, ఏం చేయలేదో చూడాలి.

ఆసుపత్రిలో నర్సుగానో, బడిలో టీచరుగానో, నిర్మాణ కంపెనీలో ఇంజినీరుగానో ఉన్నవాళ్ల ఇంట్లో ఏమేం పోగుపడతాయో ఒకసారి తలుచుకోండి. అటెస్టేషన్ చేయించిన డిగ్రీ సర్టిఫికెట్ల స్కాన్లు, పాస్‌పోర్టులు, రెసిడెంట్ కార్డులు, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఊళ్లో పొలం పాసుపుస్తకం నకలు, పెళ్లి వీడియో, అమ్మమ్మ ఫోన్‌లో పాడి పంపిన పాట. ఇవి భర్త ల్యాప్‌టాప్‌లో కొన్ని, భార్య ఫోన్‌లో కొన్ని, డ్రాయరులోని పెన్‌డ్రైవ్‌లో కొన్ని ఉంటాయి. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1న అపరిమిత ఉచిత నిల్వను ఆపేసింది. 15 జీబీ దాటితే నెలనెలా కట్టాలి. అప్పటినుంచి ఇంట్లోనే సొంత నిల్వ పెట్టుకోవాలన్న ఆలోచన చాలామందికి వచ్చింది.

ఆ సొంత నిల్వనే నాస్ అంటున్నారు. నెట్‌వర్క్‌కు తగిలించిన నిల్వ పెట్టె. చూడడానికి చిన్న చెప్పుల డబ్బా అంత ఉంటుంది. లోపల ఒక చిన్న కంప్యూటరు, దానికి రెండో నాలుగో హార్డ్ డిస్కులు. స్క్రీను, కీబోర్డు ఉండవు. రౌటరుకు కేబుల్‌తో కలిపితే ఇంట్లోని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ అన్నీ దానిలోని ఫైళ్లను తమవే అన్నట్టు తెరుస్తాయి. తైవాన్ కంపెనీలు సినాలజీ, క్యూనాప్ ఇలాంటి పెట్టెలకు పేరుపడ్డాయి. పాత కంప్యూటర్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి తయారుచేసుకునేవాళ్లూ ఉన్నారు. మొదటిసారి పెట్టుకునేవాళ్లకు మాత్రం రెండు డిస్కుల రెడీమేడ్ పెట్టె చాలు. 20 వాట్ల కరెంటు తీసుకుంటుందనుకుంటే, రాత్రింబవళ్లు నడిచినా ఏడాదికి 175 యూనిట్లు.

డిస్కుల దగ్గర కొంచెం ఆగాలి. 4 టీబీ డిస్కు కొంటే కంప్యూటరు 3.63 అని చూపిస్తుంది. ఎవరూ మోసం చేయలేదు. తయారీదారు టెరాబైటును పదుల లెక్కలో లక్ష కోట్ల బైట్లంటాడు, కంప్యూటరు రెండుల లెక్కలో కొలుస్తుంది, అంతే. అసలు చూడాల్సింది ఇంకొకటి. కొన్ని డిస్కుల్లో పక్కపక్క ట్రాకులు ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా రాస్తారు. ఎస్ఎంఆర్ అంటారు దీన్ని. అదే పళ్లెంలో ఎక్కువ డేటా పడుతుంది కానీ మధ్యలో ఒక ట్రాకు మార్చాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. నాస్‌లో ఒక డిస్కు పోయి కొత్తది పెట్టినప్పుడు గంటల తరబడి ఆగకుండా రాయాల్సివస్తుంది, అక్కడ ఈ డిస్కులు నత్తనడక నడుస్తాయి. నాస్ కోసమని అమ్మే డిస్కుల్లో కూడా కొన్నింటిలో ఈ పద్ధతి చెప్పకుండా వాడారని 2020లో బయటపడి పెద్ద గొడవే అయింది. కొనేముందు మోడల్ నంబరు వెతికి, సీఎంఆర్ అని, అంటే ట్రాకులు అలా ఎక్కని మామూలు పద్ధతి అని, ఉందో లేదో చూసుకోండి.

రెండు డిస్కులు పెట్టాక పెట్టె ఒక ప్రశ్న అడుగుతుంది: రెయిడ్ ఏది కావాలి? 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ రాసిన పత్రంలో ఈ పేరు పుట్టింది. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవక డిస్కులు కొన్ని కలిపి, ఒకటి చచ్చినా పని ఆగకుండా చూసుకోవచ్చన్నది వాళ్ల వాదన. ఇంటికి సరిపడేది రెయిడ్ 1. ఒక డిస్కులో రాసినది అక్షరం పొల్లుపోకుండా రెండోదానిలోనూ రాస్తుంది. రెండు 4 టీబీ డిస్కులు పెడితే వాడుకోవడానికి దొరికేది 4 టీబీయే. ఒకటి చెడిపోతే రెండోదానితో ఇల్లు నడుస్తుంది. కొత్తది పెడితే అది దానంతట అదే నిండుతుంది.

చాలామంది ఇక్కడే నిశ్చింత పడతారు, అది ప్రమాదం. అద్దంలా రెండు డిస్కులూ ఒకే మాట చెబుతాయి. మీ అబ్బాయి పొరపాటున పెళ్లి ఫోల్డరు తీసేస్తే రెండింటిలోనూ ఆ క్షణమే పోతుంది. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే రెండింటికీ పడుతుంది. దొంగ ఎత్తుకుపోయినా, నేల మీద పెట్టిన పెట్టెలోకి వాదీ నీళ్లు వచ్చినా అంతే. రెయిడ్ చేసేది డిస్కు చచ్చినప్పుడు పని ఆగకుండా చూడడం, అంతవరకే. దాన్ని బ్యాకప్ అనుకోవద్దు. ఈ ఒక్కమాట కోసం వ్యాసం మొత్తం రాయొచ్చు.

డిస్కులు చావడం గురించి ఒక మంచి అధ్యయనం ఉంది. గూగుల్ తన డేటా సెంటర్లలోని లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఫలితాలు ప్రకటించింది. ప్రతి డిస్కులో తన ఆరోగ్యాన్ని తానే లెక్కకట్టే స్మార్ట్ అనే ఏర్పాటు ఉంటుంది. పాడైన చోట్లెన్ని, మళ్లీ చదవాల్సివచ్చింది ఎన్నిసార్లు అని అది నమోదు చేస్తుంది. ఆ లెక్కల్లో హెచ్చరిక కనిపించిన డిస్కులు తొందరగా పోయే అవకాశం చాలా ఎక్కువని తేలింది. దాంతోపాటే, పోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటి కూడా ఇవ్వకుండానే పోయాయని కూడా తేలింది. హెచ్చరిక వస్తే నమ్మండి, రాలేదని నమ్మకండి.

అదే అధ్యయనం వేడి గురించి అందరూ అనుకున్నదానికి వేరుగా చెప్పింది. మామూలు వేడికి, డిస్కు చావుకు పెద్ద సంబంధం కనిపించలేదు. బాగా ఎక్కువ వేడిలో, అదీ పాతబడిన డిస్కుల్లో మాత్రమే తేడా స్పష్టంగా కనిపించింది. రుస్తాఖ్‌లో ఉండేవాళ్లకు ఆ 'బాగా ఎక్కువ' అన్నదే అసలు సంగతి. నాస్ పెట్టెల్లో చాలావాటికి గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటకూడదని తయారీదారులే రాస్తారు. ఏసీ నడిచే ఇంట్లో ఈ మాట ఎవరికీ పట్టదు. కానీ ఎండాకాలం సెలవులకు కుటుంబమంతా ఊరు వెళ్తుంది. ఏసీలు కట్టేస్తారు, కిటికీలు మూస్తారు. బయట 45 డిగ్రీల ఎండలో కాంక్రీటు గోడల ఇల్లు పగలంతా వేడి తాగి రాత్రి వదులుతుంది. మూసిన గదిలో, బీరువా అరలో నడుస్తున్న పెట్టె తన వేడిని తానే తింటూ ఉంటుంది.

అందుకే నా సలహా సూటిగా ఇది. వారాల తరబడి ఇల్లు మూసి వెళ్లేటప్పుడు పెట్టెను మెనూలోంచి సరిగ్గా షట్‌డౌన్ చేసి ప్లగ్గు తీసేయండి. ఊళ్లో ఉండగా ఫైళ్లు కావాలంటే చేతిలో ఉండే రెండో ప్రతి ఉంది కదా, దాని సంగతి కింద చెబుతాను. ఇంట్లో ఉన్నప్పుడు కూడా పెట్టెను మూసిన అరలో పెట్టకండి. వెనక ఫ్యానుకు జానెడు ఖాళీ వదలండి, దుమ్ము గాలులు వీచే రోజుల తర్వాత ఫ్యాను జాలీ తుడవండి. నేల మీద పెట్టకండి. కరెంటు ఠక్కున పోయినప్పుడు రాస్తున్న ఫైలు సగంలో ఆగకుండా చిన్న యూపీఎస్ ఒకటి తగిలించండి. యూపీఎస్‌కూ పెట్టెకూ మధ్య యూఎస్‌బీ తీగ కలిపితే, బ్యాటరీ అయిపోయేలోగా పెట్టె తనంతట తానే మర్యాదగా ఆగిపోతుంది. ఆ తీగ కలపడమే చాలామంది మరిచిపోతారు.

కేబుల్ మాట. ఫోన్లు వైఫై మీద ఉండొచ్చు కానీ పెట్టె నుంచి రౌటరుకు తీగే ఉండాలి. సిమెంటు గోడలు వైఫైని, అందులోనూ 5 గిగాహెర్ట్జ్ వైఫైని, బాగా మింగేస్తాయి. మామూలు గిగాబిట్ తీగ మీద సెకనుకు 110 మెగాబైట్ల దాకా వస్తుంది. ఆ లెక్కన 4 టీబీ మొత్తం కదపాలన్నా పది గంటలు. రౌటరు సెట్టింగుల్లో ఈ పెట్టెకు ఎప్పుడూ ఒకే చిరునామా ఇచ్చేలా పెట్టండి. లేకపోతే రౌటరు ఆరిపోయి వెలిగినప్పుడల్లా చిరునామా మారి, పెట్టె కనబడడం లేదని ఇల్లంతా గోల మొదలవుతుంది.

ఇక ఫైళ్లు పంచుకోవడం. విండోస్ ల్యాప్‌టాప్, ఐఫోన్, ఆండ్రాయిడ్ టీవీ వేరువేరు కంపెనీలవి. అవన్నీ ఒకే పెట్టెలోని ఫోల్డరును ఎలా తెరుస్తున్నాయి? 1983 ప్రాంతంలో ఐబీఎంలో బ్యారీ ఫైగన్‌బామ్ మొదలుపెట్టిన ఎస్ఎంబీ అనే సంభాషణా పద్ధతి అది. తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని తన విండోస్‌లో పెంచింది. నాకు ఫోల్డరు జాబితా ఇవ్వు, ఈ ఫైలు తెరువు, ఇంకెవరూ మార్చకుండా కాసేపు పట్టుకో అని కంప్యూటర్లు ఒకదాన్నొకటి అడిగే భాష. చాలాకాలం ఆ భాష బయటివాళ్లకు తెలియదు.

ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రాలోని జాతీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1991 చివర్లో తన అవసరం కోసం దీని మీద కూర్చున్నాడు. పుస్తకాలేమీ లేవు. నెట్‌వర్క్ తీగ మీద పోయే మాటలను పట్టి, ఏది అడిగితే ఏ జవాబు వస్తుందో గమనించి, అదే భాష మాట్లాడే ప్రోగ్రాము రాశాడు. 1992 జనవరిలో విడుదలైన ఆ ప్రోగ్రామే తర్వాత సాంబా అయింది. ఉచితం, ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. ఇవాళ మీరు కొనే నాస్ పెట్టెల్లో చాలావాటి లోపల విండోస్‌తో మాట్లాడేది సాంబాయే. ట్రిడ్జెల్ పేరు మనకు ఇంకోసారి అవసరమవుతుంది.

ఎవరికి ఏ ఫోల్డరు తెరవాలన్నది ఆలోచించి పెట్టాల్సిన పని. దీనికి రుస్తాఖ్ ఊళ్లోనే మంచి నమూనా ఉంది. ఇక్కడి ఫలజ్ అల్ ముయస్సర్ అనే పాత నీటి కాలువ 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఐదు ఒమన్ ఫలజ్‌లలో ఒకటి. భూగర్భం నుంచి వచ్చే నీళ్లు ఊళ్లోకి వచ్చిన మొదటి చోట తాగడానికి ఎవరైనా తీసుకోవచ్చు. తర్వాత మసీదుకు, స్నానాలకు. ఆ తర్వాతే తోటలకు, అదీ వంతుల లెక్కన, ఎవరి కాలం వాళ్లకు. పంపకానికి బాధ్యుడు ఒకడుంటాడు. మీ పెట్టెలోనూ అలాగే చేయండి. ఇంట్లో అందరూ చూడగల ఫోల్డరు ఒకటి, ఫొటోలకీ పాటలకీ. పిల్లలు చూడగలరు, తీసేయలేరు. దస్తావేజుల ఫోల్డరు భార్యాభర్తలిద్దరికే. ఒక్కొక్కరికి సొంత ఫోల్డరు. పెట్టెను నడిపే అడ్మిన్ ఖాతా వేరే, రోజువారీ వాడే ఖాతా వేరే. రోజూ అడ్మిన్‌గా లాగిన్ అయి ఉంటే, ల్యాప్‌టాప్‌లోకి దూరిన ఏ చెడ్డ ప్రోగ్రామైనా ఆ అధికారాన్నే వాడుకుంటుంది.

ఫైళ్ల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చా? తప్పకుండా. కానీ రెండు చిక్కులు తెలిసి పెట్టుకోవాలి. వీటి గురించి ఇంగ్లీషు మార్గదర్శకాల్లో అరుదుగా ఉంటుంది, ఎందుకంటే ఇంగ్లీషులో పేర్లు పెట్టేవాళ్లకు ఇవి పెద్దగా ఎదురుకావు.

మొదటిది పొడవు. నాస్ లోపల నడిచే లినక్స్‌లో ఒక ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు, అంటే 85 గుర్తులు. గుర్తు అంటే మనం పలికే అక్షరం కాదు. 'శ్రీ' అనే ఒక్క అక్షరంలో శ, పొల్లు, ర, దీర్ఘం అని నాలుగు గుర్తులున్నాయి, పన్నెండు బైట్లు. పాత నాస్ పెట్టెల్లో వాడిన ఇక్రిప్ట్ఎఫ్ఎస్ అనే పద్ధతిలో ఫోల్డరుకు తాళం వేస్తే హద్దు ఇంకా తగ్గి 143 బైట్లవుతుంది, 47 గుర్తులు. 'చిన్నమ్మాయి మొదటి పుట్టినరోజు మామయ్యావాళ్లింట్లో తీసిన ఫొటోలు' అన్నది అందులో పట్టదు. కాపీ మధ్యలో పేరు పెద్దదైందని ఆగిపోతుంది, ఎందుకో అర్థం కాదు.

రెండోది ఐత్వం. యూనికోడ్‌లో 'వై' అన్నదానిలోని ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా, లేదా ఎత్వం పెట్టి దానికి కిందిగుర్తు తగిలించి రెండు గుర్తులుగా. కంటికి రెండూ ఒకటే. తెలుగు గుణింతపు గుర్తుల్లో ఈ తిప్పలున్నది దీనికొక్కదానికే. విండోస్‌లో టైపు చేస్తే సాధారణంగా మొదటి పద్ధతిలో వస్తుంది. ఆపిల్ పాత ఫైలు వ్యవస్థ పేర్లను విడదీసి రెండో పద్ధతిలో దాచేది. పాత మ్యాక్ నుంచి ఒకసారి, విండోస్ నుంచి ఒకసారి కాపీ చేసిన ఇంట్లో 'వైజాగ్' అనే ఫోల్డర్లు రెండు పక్కపక్కనే కనబడతాయి. ఒక దానిలో సగం ఫొటోలు, ఇంకో దానిలో సగం. వెతికితే ఒకటే దొరుకుతుంది. దీనికి తోడు 'పెళ్లి' అని వెతికితే 'పెళ్ళి' దొరకదు, అది మన రెండు రకాల రాత వల్ల. నేనైతే పేరు ముందు తేదీ అంకెల్లో, ఏడాది, నెల, రోజు వరుసలో పెట్టి, తర్వాత రెండు మూడు తెలుగు మాటలు రాయమంటాను. '2019-05-12 అక్క పెళ్లి' లాంటి పేరు వరుస తప్పదు, హద్దు దాటదు, ఎలా రాసినా తేదీతో దొరుకుతుంది.

ఇప్పుడు బయటి దారి. ఆఫీసు నుంచో, ఊళ్లో నాన్న ఫోను నుంచో పెట్టెను తెరవాలనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో చాలా వీడియోలు రౌటరులో ద్వారం (పోర్టు) తెరిచి పెట్టమని చెబుతాయి. దయచేసి ఆ పని చేయకండి. 2017 మే 12న వన్నాక్రై అనే తాళం వేసే వైరస్ ప్రపంచమంతా పాకింది ఎస్ఎంబీ పాత రూపంలోని లోపం వల్లే. మైక్రోసాఫ్ట్ దానికి మందు మార్చిలోనే విడుదల చేసింది, వేసుకోనివాళ్లు మునిగారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని అందులో చిక్కాయి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ పాత మోడల్ మై బుక్ లైవ్ డిస్కులు, ఇంటర్నెట్‌కు నేరుగా తగిలించి ఉన్నవి, ఒక్కసారిగా ఖాళీ అయిపోయాయి. దూరం నుంచి ఎవరో వాటిని ఫ్యాక్టరీ స్థితికి తుడిచేశారు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ముఠా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ పెట్టెలకు తాళాలు వేసి, 0.03 బిట్‌కాయిన్ కడితేనే తీస్తామంది. మూడింటిలోనూ ద్వారం తెరిచి ఉండడం, సాఫ్ట్‌వేర్ పాతది కావడమే మూలం.

రౌటరులో యూపీఎన్‌పీ అనే ఏర్పాటు, అడక్కుండానే ద్వారాలు తెరిచేది, మూసేయండి. ఎస్ఎంబీ మొదటి రూపాన్ని పెట్టె సెట్టింగుల్లో ఆపేయండి. అప్‌డేట్లు వచ్చినరోజే వేసుకోండి, లాగిన్‌కు పాస్‌వర్డ్‌తో పాటు ఫోనులో వచ్చే కోడు కూడా అడిగేలా పెట్టండి. బయటినుంచి తీరా కావాల్సివస్తే తయారీదారు తన సర్వరు ద్వారా ఇచ్చే దారి వాడుకోండి. వీపీఎన్, అంటే బయటినుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొంత దారి, ఇంకా మంచిదే, కానీ ఒమన్‌లో దానికి టెలికాం నియంత్రణ సంస్థ నియమాలున్నాయి. వాటిని చూసుకున్నాకే. నిజానికి ఇంటి ఫైళ్లకు ఇంట్లో తెరుచుకోవడం చాలు, బయటి దారి అవసరం మనం ఊహించుకునేంత రాదు.

పెట్టెలో బీటీఆర్ఎఫ్ఎస్ లాంటి ఫైలు వ్యవస్థ ఉంటే స్నాప్‌షాట్లు అనే మంచి వసతి వస్తుంది. ఫైలు మార్చినప్పుడు పాత ముక్కల మీద రాయకుండా కొత్త ముక్కలను వేరేచోట రాస్తుంది. పాతవి ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోవడమే స్నాప్‌షాట్, అందుకే క్షణంలో అవుతుంది, జాగా కూడా పెద్దగా తినదు. రోజుకొకటి తీసి నెలరోజులు ఉంచమని చెప్పండి. అబ్బాయి తీసేసిన పెళ్లి ఫోల్డరు నిన్నటి స్నాప్‌షాట్‌లో ఉంటుంది. ఆ ఫైలు వ్యవస్థ ప్రతి ముక్కకూ ఒక లెక్క కట్టి ఉంచుతుంది. చదివినప్పుడు లెక్క తప్పితే ముక్క పాడైందని తెలుసుకుని, రెండో డిస్కులోని మంచి ముక్కతో సరిచేస్తుంది. నెలకోసారి మొత్తం అలా సరిచూడమని ఆదేశిస్తే, ఎవరూ తెరవని పాత ఫొటోలు లోలోపల చెడిపోకుండా ఉంటాయి.

ఇన్ని చేసినా ఫైళ్లన్నీ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ 2005లో డిజిటల్ ఫొటోల నిర్వహణ మీద రాసిన పుస్తకంతో 3-2-1 అనే సూత్రం ప్రచారంలోకి వచ్చింది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. పట్నాల్లో ఉండేవాళ్లకు కష్టమయ్యేది ఆ 'వేరే చోట'. రుస్తాఖ్‌లో ఉండే తెలుగువాళ్లకు అది ముందే ఉంది. ప్రతి సెలవుకు ఎలాగూ వెళ్లే ఇల్లు.

మొదటి ప్రతిని ఇంటర్నెట్ మీద పంపకండి. సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం ఉంటే 2 టీబీ వెళ్లడానికి ఆగకుండా తొమ్మిది రోజులు దాటుతుంది. దాని బదులు విడి హార్డ్ డిస్కు కొని, పెట్టెకు యూఎస్‌బీతో తగిలించి, రుస్తాఖ్‌లోనే నింపండి. డిస్కు మొత్తానికి పాస్‌వర్డ్ తాళం వేయండి. దారిలో పోయినా ఎవరికీ పనికిరాకూడదు. చెక్-ఇన్ బ్యాగులో కాక చేతి సంచిలో పెట్టుకోండి. తిరుగుతున్న డిస్కులో చదివే ముల్లు పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. ఆగిన డిస్కులో అది పక్కకు తప్పుకుని ఉంటుంది కాబట్టి ప్రయాణాన్ని తట్టుకుంటుంది, కానీ కింద పడేస్తే తట్టుకోకపోవచ్చు. ఊళ్లో అమ్మ బీరువాలో ఉండే ప్రతికి, చిప్పుల్లో డేటా దాచే ఎస్ఎస్‌డీ వద్దు. కరెంటు లేకుండా ఉన్న ఎస్ఎస్‌డీలో డేటా విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది, అది మెల్లగా కారిపోతుంది, వేడిలో త్వరగా కారిపోతుంది. బాగా అరిగిన మామూలు ఎస్ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలబడితే చాలన్నదే చిప్పుల పరిశ్రమకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ ప్రమాణం. అయస్కాంతపు హార్డ్ డిస్కుకు ఈ బాధ లేదు.

ఊళ్లో మంచి ఇంటర్నెట్ ఉండి, చూసుకునేవాళ్లుంటే, అక్కడ కూడా ఒక చిన్న పెట్టె పెట్టొచ్చు. అడాప్టర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తాయి, మారేది ప్లగ్గే: ఒమన్‌లో చదరపు మూడు పిన్నులు, మనకు గుండ్రటివి. ఇక్కడ ట్రిడ్జెల్ మళ్లీ వస్తాడు. 1996లో పాల్ మాకెరాస్‌తో కలిసి అతను రాసిన ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము, లేదా దాని ఆలోచన, చాలా బ్యాకప్ ఏర్పాట్లలో ఉంది. రెండు చోట్లా ఉన్న ఫైళ్లను పరిమాణం, తేదీ పోల్చి మారనివాటిని వదిలేస్తుంది. మారిన పెద్ద ఫైలు ఉంటే, అవతలి కంప్యూటరు తన దగ్గరున్న పాత ప్రతిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు చిన్న లెక్క కట్టి పంపుతుంది. ఇవతలి కంప్యూటరు కొత్త ఫైలు మీద అదే పొడవు కిటికీని బైటు బైటుకూ జరుపుతూ ఆ లెక్కలు ఎక్కడ సరిపోతాయో చూస్తుంది, సరిపోని ముక్కలే పంపుతుంది. ఒక్క బైటు జరిగితే లెక్కను మొదటినుంచీ కట్టకుండా, పోయిన బైటు తీసేసి, వచ్చిన బైటు కలిపేలా ఆ లెక్క ఉండడమే ట్రిడ్జెల్ తెలివి. ఫలితం ఏమిటంటే, మొదటి డిస్కు సంచిలో వెళ్లాక నెలకు 10 జీబీ కొత్త ఫొటోలు చేరినా 20 మెగాబిట్ల మీద అది గంటా పది నిమిషాల పని. ఒమన్ మనకంటే గంటన్నర వెనక, కాబట్టి రుస్తాఖ్‌లో రాత్రి ఒంటిగంటకు మొదలైతే ఊళ్లో రెండున్నర. రెండు చోట్లా ఎవరూ లైన్ వాడని వేళ.

గులాబ్, షాహీన్‌ల సంగతి మూడో ప్రతి ఎందుకో చెబుతుంది. ఒకే తుఫాను వారంలో రెండు ఇళ్లనూ తాకే రోజు రావడం అరుదే, కానీ ఒకసారి వచ్చింది. అందుకని దస్తావేజులు, సర్టిఫికెట్లు, ఎంపిక చేసిన కొన్ని వందల ఫొటోలు, పాస్‌వర్డ్ తాళం వేసి క్లౌడ్‌లో కూడా ఉంచండి. ఇవి 15 జీబీలోపే ఉంటాయి, డబ్బు కట్టక్కర్లేదు.

సెలవుకు వెళ్లినప్పుడల్లా బీరువాలోని డిస్కు తీసి తెరవండి. కాపీ అయిందన్న సందేశాన్ని నమ్మి ఊరుకోకండి. అన్నిటికంటే పాత ఫొటో ఒకటి, పొడవైన వీడియో ఒకటి చివరిదాకా, ఒక పీడీఎఫ్, ఐత్వం ఉన్న తెలుగు పేరు ఫైలు ఒకటి తెరిచి చూడండి. రుస్తాఖ్ నుంచి తెచ్చిన కొత్త డిస్కు అక్కడ పెట్టి పాతది వెంట తెచ్చుకోండి, తర్వాతి సెలవుకు దాన్నే మళ్లీ నింపొచ్చు. ఈ వ్యవస్థ అంతా ఇంట్లో ఒక్కరికే తెలిసి ఉండడం కూడా ప్రమాదమే. పెట్టె చిరునామా, ఖాతా పేరు, డిస్కు తాళం పాస్‌వర్డ్, తెరిచే క్రమం తెలుగులో కాగితం మీద రాసి, డిస్కు ఉన్న బీరువాలో కాకుండా వేరేచోట, మీరిద్దరూ కాక ఇంకొకరికి తెలిసేలా ఉంచండి. ఆ కాగితం ఒక్కటే చేతికిచ్చి, మీరు పక్కన లేకుండా తమ్ముడిని గానీ చెల్లెల్ని గానీ డిస్కు తెరవమనండి. ఆగిపోయిన చోటల్లా కాగితంలో ఒక వాక్యం కలపండి.